ఎనిమిది కాళ్ల పీత

బూడిదలోంచి డైని, బొమ్మలు కొట్టే ఉక్కు అచ్చుని, పట్టకారుతో పైకి తీసి యలమంద ఎడమ అరచేతిలో పెట్టుకున్నాడు. ఇంకా గోరువెచ్చగానే ఉంది. నిన్న సాయంత్రం కుంపట్లో ఎర్రగా కాల్చి, బూడిద కప్పి వదిలేశాడు. తొందరపడి నీళ్లలో ముంచితే ఉక్కు మళ్లీ బిగుసుకుపోతుంది. దానంతటది తాపీగా చల్లారితేనే మెత్తబడి ఆకురాయికి లొంగుతుంది. చిలకలపూడిలో రోల్డుగోల్డు పని చేసే ఎవరినడిగినా ఈ మాట చెబుతారు. బెజవాడ లాయరుగారి ఆఫీసు నుంచి ఫోను చేసిన పెద్దమనిషికి మాత్రం తెలియదు. "నేను వచ్చాక నా కళ్లెదుట అరగదీద్దురు గాని, ఐదు నిమిషాల పనేగా" అన్నాడాయన. కాల్చి గట్టిపరచిన డై మీద ఆకురాయి పెడితే జారిపోతుంది తప్ప గీతయినా పడదని చెప్పబోయి యలమంద ఊరుకున్నాడు. చెప్పి ఏం లాభం? తన చేత్తో చెక్కినదాన్ని తన చేత్తోనే చెరపడానికి సిద్ధం చేసుకోవాల్సిన ఖర్మ పట్టింది, చేసుకున్నాడు.

పాత పంచె గుడ్డతో డైని తుడిచి, కిటికీ వెలుతురులోకి జరిగాడు. బొటనవేలి గోరంత పీత. పట్టకారుల్లా రెండు డెక్కలు, పైకి పొడుచుకొచ్చిన రెండు కళ్లు, ఆ పక్క నాలుగూ ఈ పక్క నాలుగూ కాళ్లు. ప్రతి కాలికీ మడత ఉంది. చివరి జత మిగతావాటిలా మొనతేలి ఉండదు, ఈదటానికి కాస్త పలచగా, వెడల్పుగా ఉంటుంది. ఆ ఒక్క జతకే ఒక పూటంతా పట్టింది.

నాంచారమ్మ కాఫీ గ్లాసు తెచ్చి బల్ల చివర పెట్టింది. "ఎన్నింటికొస్తారు వాళ్లు?"

"తొమ్మిదన్నారు."

"లలిత కూడా వస్తుందా?"

"వస్తుంది."

"ఇవాళన్నా చెప్తారా ఆ పిల్లకి?"

యలమంద కాఫీ గ్లాసు అందుకున్నాడు. ఆవిడ కాసేపు నిలబడి చూసి లోపలికెళ్లిపోయింది. రెండు నెలలుగా పొద్దున్నే ఇదే ప్రశ్న, ఇదే మౌనం.

అరవై రెండేళ్ల మనిషి. పన్నెండో ఏట ఈ కిటికీ కింద ఈ బల్ల ముందు కూర్చున్నాడు, ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. యాభై ఏళ్లు ఒకే వైపు ఒరిగి పనిచేయటంతో మెడ ఎడమకు తిరిగిపోయింది. భూతద్దం బిగించుకునే కుడికన్ను రెండోదానికన్నా చిన్నదిగా కనిపిస్తుంది. ఉలి ఆనించే బొటనవేలి మీద చర్మం కాయకట్టి, అక్కడ నిప్పురవ్వ పడినా తెలియదు. ఇస్త్రీ చొక్కా ఒకటి పండగలకి, మిగతా రోజులన్నీ చేతుల బనీనూ గళ్ల లుంగీ. అతను చెక్కిన డైలతో కొట్టిన నెమళ్లూ, మామిడిపిందెలూ, తామరపూలూ ఎన్ని మెళ్లలో ఉన్నాయో అతనికే తెలియదు. మెళ్లో వేసుకున్నవాళ్లకి అతనెవరో అసలే తెలియదు. ఆ పనిలో అదేమీ లోటు కాదు. షాపువాళ్లు ఒక నమూనా తెచ్చి బల్ల మీద పడేస్తారు, సాయంత్రానికి చెక్కి ఇవ్వాలి. వారం తిరక్కుండా పక్క సందులో ఇంకొకడు అదే చెక్కుతాడు. నా డిజైను నువ్వెత్తావని ఆ వీధిలో ఎవడైనా తగువుకెళితే పగలబడి నవ్వుతారు. నలుగురూ ఎత్తుకుపోతేనే ఆ డిజైను బాగున్నట్టు.

ఈ పీత మాత్రం వేరే దారిలో వచ్చింది. రెండేళ్ల కిందట, రెండువేల రెండులో, లలిత ఒక కాగితం పట్టుకుని గుడివాడ నుంచి వచ్చింది. అక్కడి కాలేజీలో కంప్యూటర్లు చెబుతుంది. ఆఫీసులవాళ్లు మూలన పడేసిన కంప్యూటర్లను ఆమే, పదిమంది స్నేహితులూ అడిగి తెచ్చుకుని, బాగుచేసి, దివిసీమ బడుల్లో పెట్టి పిల్లలకు నేర్పేవాళ్లు. వాటిలో వేసే ప్రోగ్రాం ఒక బెంగుళూరు కంపెనీది. డబ్బు కట్టనక్కర్లేదు, ఎవరైనా కాపీ చేసుకోవచ్చు, ఊరూరా పంచుకోవచ్చు. ఆ కంపెనీ గుర్తు పీత. నేర్చుకోవటం పూర్తయిన పిల్లలకు ఆ పీత బొమ్మతో ఒక బ్యాడ్జీ ఇవ్వాలని వాళ్ల ముచ్చట.

యలమంద కాగితం మీది బొమ్మను చూసి మొహం చిట్లించాడు.

"ఆరు కాళ్లేంటమ్మా?"

"కంపెనీ వాళ్ల బొమ్మ అంతే బాబాయ్ గారూ."

"పీతకి ఎనిమిది కాళ్లు, రెండు డెక్కలు. వాళ్లు బెంగుళూరులో ఎప్పుడు చూశారు గనక. బందరువాడి చేతిలోంచి ఆరు కాళ్ల పీత బయటికెళ్తే రేపు నన్నడుగుతారు."

లలిత నవ్వి, మీ ఇష్టమంది. అలా ఎనిమిదయ్యాయి.

మోపిదేవి బడిలో సాంబశివరావు మాస్టారని లెక్కలు చెప్పే ఆయన ఉన్నాడు. కంప్యూటర్ గది ఆయన చేతి మీదుగా నడిచేది. బ్యాడ్జీలు అందిన రోజే పిల్లలు కాళ్లు లెక్కపెట్టి, సరిగ్గా ఉన్నాయని తేల్చారట. ఆ మాట చెప్పటానికి మాస్టారు పదిమంది పిల్లలను బస్సెక్కించుకుని చిలకలపూడి వచ్చాడు. ఈ వాకిట్లోనే వరసగా నిలబెట్టి, "మీరు పెట్టుకున్న బొమ్మ చెక్కింది ఈయనే, నమస్కారం పెట్టండి" అన్నాడు. పది జతల చేతులు పైకి లేచాయి. యలమంద ఏం చేయాలో తెలియక లుంగీకి చేతులు తుడుచుకున్నాడు. యాభై ఏళ్లలో ఇది చేసింది ఇతను అని ఒకరు ఇంకొకరికి చూపించటం అదే మొదటిసారి. ఆ రోజు నాంచారమ్మ పిల్లలందరికీ అటుకులు పోపు పెట్టింది. మాస్టారు ఫోటో తీసి, దాన్ని ఇంటర్నెట్లో పెట్టించి, కింద అతని పేరూ ఊరూ కూడా రాయించాడు.

ఆ పేరు పట్టుకునే ఈ ఏడు ఆషాఢంలో ఉత్తరం వచ్చింది. ఆషాఢమంటే పెళ్లిళ్లుండవు, ఆర్డర్లుండవు, వీధి వీధంతా ఈగలు తోలుకుంటుంది. అప్పుడొచ్చింది, మందపాటి కవరు, మీద రంగుల్లో ఆరు కాళ్ల పీత. యలమంద చదువు ఐదో క్లాసుతో ఆగింది గాని బొంబాయి, కలకత్తా షాపుల ఉత్తరాలు చదివీ చదివీ వ్యాపారం ఇంగ్లీషు కొంత అబ్బింది. తెలిసిన మాటల మీద వేలు పెట్టుకుంటూ పోయాడు. క్వాంటిటీ ఎంత, ఎవరెవరికి సప్లై చేశారు, శాంపిల్ పంపండి. ఇంకేం కావాలి? ఏ షాపువాడైనా పెద్ద ఆర్డరిచ్చే ముందు అడిగేవి ఈ మూడే. మధ్యలో తెలియని మాటలు ఉన్నాయి, ఉంటే ఉన్నాయి, అవి ఎప్పుడూ ఉంటాయి. ఎవరికైనా చూపించాల్సింది. ఆర్డరు మాట బయటికి పొక్కితే పక్కవాడు తన్నుకుపోతాడని చూపించలేదు.

పాత ఉత్తరాలు ముందు పెట్టుకుని, వాటి ఇంగ్లీషే ఎత్తి, రాత్రికి రాత్రి కాకుండా రెండు రోజులు కూర్చుని జవాబు రాశాడు. తమ ఎంక్వయిరీ చేరినది. ఇదివరకే కృష్ణా, గుంటూరు, పశ్చిమ గోదావరి జిల్లాలకు ఐదు వేలు సప్లై చేసియున్నాము. నెలకు రెండు వేల వరకు పంపగలము. తమ బొమ్మలో రెండు కాళ్లు తక్కువ కాగా సరిచేసియున్నాము. చేసింది మూడు వందలు. కానీ మూడు వందలు చేశానని రాసుకునే పనివాడికి ఆర్డరు ఎవరిస్తారు? చిలకలపూడిలో ఎవరు రాసినా అలాగే రాస్తారు, చదివే షాపువాళ్లు కూడా అందులో ముప్పాతిక తీసేసుకునే చదువుతారు. రెండు బ్యాడ్జీలకు మెరుగు పెట్టి, దూదిలో చుట్టి, ఉత్తరంతో పాటు రిజిస్టరు చేశాడు. ఆర్డరు వచ్చాక లలితకీ మాస్టారికీ చెప్పి ఆశ్చర్యపరచాలనుకున్నాడు, పిచ్చి మనిషి.

భాద్రపదంలో లాయరు నోటీసు వచ్చింది. అతనికి కాదు, బ్యాడ్జీలు చేయించి పంచినవాళ్లని లలితకీ, మాస్టారికీ, లలిత పనిచేసే కాలేజీకీ. కంపెనీ గుర్తును అనుమతి లేకుండా వాడటమే కాక మార్చి, వ్యాపారానికి మూడు జిల్లాల్లో చలామణీ చేశారు. బ్యాడ్జీలు, డై అప్పగించాలి, లేదా కోర్టుకెళ్తాం. లలిత ఆ కాగితం తెచ్చి ఈ బల్ల ముందే చదివి తెలుగులో చెప్పింది. "ఐదు వేలంట బాబాయ్ గారూ. ఎక్కడి లెక్కో. మనం చేయించింది మూడొందలేగా."

అప్పుడు చెప్పాల్సింది. నాలుక కదిలింది కూడా. ఈలోగా లలితే, "మాస్టారు ఆ ఫోటో పెట్టకపోతే ఇంత గొడవ లేదు" అంది. యలమంద నోరు మూసుకున్నాడు. ఆ తరవాతి ఆదివారం గుడివాడలో అందరూ కూర్చున్నారు. కాలేజీవాళ్లు లలితను ఉద్యోగం మానేయమన్నంత పని చేశారు, ఆమె కడుపుమంట అలా ఉంది. మీ ఫోటోల పిచ్చి మా కొంప ముంచిందని అందరి ముందూ మాస్టారిని అనేసింది. మాస్టారు, నిజమేనమ్మా, పొరపాటు నాదే అని లేచి బస్టాండుకు వెళ్లిపోయాడట. ఆ రోజుతో ఆ గుంపు చెదిరిపోయింది. ఎవరూ ఏ బడికీ వెళ్లటం లేదు. ఇదంతా లలిత నోటే విని, యలమంద తలూపాడు. అలా తలూపి రెండు నెలలైంది.

తొమ్మిదిన్నరకు ఇద్దరూ వచ్చారు. లలిత వెనక లాయరుగారి గుమస్తా పూర్ణచంద్రరావు, బట్టతల, చేతిలో ఫైలు, భుజానికి కెమెరా. మర్యాదస్థుడు. చెప్పులు వాకిట్లో విప్పి, కుర్చీ వద్దని అరుగు మీద కూర్చున్నాడు.

"మొదలెట్టమంటారా అండి?" అన్నాడు యలమంద.

"కానివ్వండి."

డైని బల్లకున్న ఇనప పట్టులో బిగించి ఆకురాయి ఆనించాడు. బాగా మెత్తబడింది, మొదటి రాపిడికే తెల్లటి చార వచ్చింది. డెక్కలు పోయాయి, కళ్లు పోయాయి. కాళ్ల గాడి లోతు కాబట్టి ఎంతకీ పోవు. చివరి జతైతే మరీ. యలమంద రెండు చేతులా నొక్కిపట్టి రుద్దాడు, చెమట డై మీద పడితే తుడిచి మళ్లీ రుద్దాడు. ఉక్కు రజను లుంగీ మీద పేరుకుంది. లలిత చూడలేక, కాళ్లు కడుక్కుంటానని లోపలికి, నాంచారమ్మ దగ్గరికి వెళ్లింది. గంట పట్టింది నున్నగా అవటానికి.

పూర్ణచంద్రరావు ఫోటో తీసుకుని, డైని కాగితంలో చుట్టి, సంతకానికి ఫైలు తెరిచాడు. పైనే ఉంది యలమంద ఉత్తరం, తన సొంత అక్షరాలతో. ఇద్దరూ దాన్ని చూశారు.

"ఇది రాసింది మీరేనాండి?" అన్నాడు గుమస్తా గొంతు తగ్గించి.

"నేనేనండి. ఆర్డరనుకున్నాను."

"ఫోటో చూసి వాళ్లు రాసింది మామూలు ఉత్తరమండి. బడిపిల్లలకని తెలిస్తే, ఇకముందు అడిగి వాడండి అని ఒక ముక్క రాసి వదిలేసేవాళ్లు. ఈ ఐదు వేలు చూసే కేసన్నారు."

"ప్రోగ్రాం ఎవరైనా పంచుకోవచ్చంటారు కదండీ."

"పంచుకోవచ్చు. హోటలాయన ఉచితంగా ఊరందరికీ అన్నం పెడతాడు, బోర్డు మాత్రం ఇంకొకణ్ణి కట్టుకోనివ్వడు. పైగా మీరు బోర్డే మార్చేశారాయె."

"కాళ్లు తక్కువున్నాయండి."

"ఉన్నాయి. నాదీ సముద్రం పక్క ఊరే, చూడగానే నాకూ తెలిసింది." ఆయన నవ్వలేదు. "సంతకం ఇక్కడ."

యలమంద సంతకం పెట్టి, "ఆ అమ్మాయికి తెలుసాండి?" అన్నాడు.

"నేను చెప్పలేదు. అది నేను చెప్పే మాట కాదు." ఫైలు సంచిలో పెట్టుకుని, నమస్కారం చేసి వెళ్లిపోయాడు.

లలిత వచ్చేసరికి యలమంద ఖాళీ పట్టు ముందు కూర్చుని ఉన్నాడు. ఇక దాచుకోవటానికి అక్కడ ఏమీ మిగల్లేదనిపించింది.

"అమ్మా, ఆ ఐదు వేలు నేను రాసిందే. కంపెనీ వాళ్లు నన్ను అడిగితే ఆర్డరిస్తారని రాశాను. మాస్టారి ఫోటో వల్ల కాదు."

లలిత గుమ్మంలోనే కూర్చుండిపోయింది. నాంచారమ్మ వెనక నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎప్పటినించి తెలుసు మీకు?"

"నువ్వు నోటీసు చదివినప్పటినించి."

"ఆయన్ని అందరి ముందూ నేనేమన్నానో మీకు చెప్పాను కదా బాబాయ్ గారూ. చెప్తుంటే విన్నారు కదా."

"విన్నానమ్మా. సిగ్గేసింది. సిగ్గేసి ఊరుకున్నాను, ఊరుకున్నందుకు ఇంకా సిగ్గేసింది. అలా రోజులు గడిచిపోయినయ్యి."

ఆమె కోప్పడితే బాగుండేది. "నాకు చెప్పి లాభం లేదు. ఆయనకి చెప్పండి" అంది.

"నువ్వు కూడా రామ్మా."

"నాకిప్పుడు ఆయన మొహం చూసే ధైర్యం లేదు. ముందు మీరు వెళ్లండి. రేపు నేను వెళ్లి ఆయన కాళ్లు పట్టుకుంటాను."

నాంచారమ్మ తిని వెళ్లమన్నా వినకుండా, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని యలమంద పన్నెండింటి అవనిగడ్డ బస్సెక్కాడు. కార్తీక సోమవారం, మోపిదేవి గుడికి వెళ్లే ఆడవాళ్లతో బస్సు కిక్కిరిసి ఉంది. చల్లపల్లి దాకా నిలబడే వెళ్లాడు. రోడ్డుకు రెండు పక్కలా వరి పండి వాలి ఉంది. అతను ఏమీ చూడలేదు. మాస్టారికి చెప్పాల్సిన మాట కూడబలుక్కుంటున్నాడు. మాస్టారూ, మీ తప్పేం లేదండి, అని మొదలెట్టాలా? లేక, మాస్టారూ, నేను దొంగనండి, అనాలా? దణ్ణం పెట్టించినాయన ముందు నిలబడి ఆ మాట అనటం మనసులో అనుకున్నంత తేలిక కాదు. అయినా అనేస్తే ఆయన గుండె మీది బరువు దిగుతుంది. ఆయన ఓ తిట్టు తిడితే తనదీ దిగుతుంది. చల్లపల్లిలో సీటు దొరికాక కూడా అదే అనుకున్నాడు, తిట్టించుకుని రావాలి.

బడి చేరేసరికి రెండు దాటింది. అటెండరు అప్పారావు వరండాలో చీపురు పట్టుకుని ఉన్నాడు. ఆ రోజు పిల్లలతో చిలకలపూడి వచ్చినవాడే, గుర్తుపట్టి పలకరించాడు.

"మాస్టారి కోసం వచ్చాను" అన్నాడు యలమంద. "సాంబశివరావు మాస్టారు."

"మీకు తెలీదాండి? మొన్న శనివారం వెళ్లిపోయారు."

"ఎక్కడికి?"

"ఉద్యోగమే వదులుకున్నారండి. ఇంకా రెండేళ్ల సర్వీసుంది. రాజీనామా కాగితం పెట్టేశారు. ఒంటి మనిషి కదా, ఒరిస్సాలో చెల్లెలుగారి ఊరు వెళ్తున్నానన్నారు. అడ్రసు రాసివ్వండి మాస్టారూ అంటే, ఎందుకులే అప్పారావ్ అని నవ్వారు."

యలమంద వరండా చివరి వైపు చూశాడు. లోపల ఏదో తరగతిలో ఎక్కాలు వల్లిస్తున్నారు.

"కంప్యూటర్ గది?"

"తాళం వేశారండి. తాళంచెవి హెడ్మాస్టరుగారి దగ్గరుంది. తలుపు మీద మాస్టారు ఏదో రాసి అంటించి వెళ్లారు. వెళ్లే ముందు ప్రార్థనలో నిలబడి పిల్లలందరికీ చదివి వినిపించారు కూడాను."

చివరి గది. ఆకుపచ్చ తలుపు, దాని మీద తెల్లకాగితం, లెక్కల మాస్టారి పొందికైన రాత. యలమంద కళ్లద్దాలు పెట్టుకుని, తెలిసిన మాటల మీద కాక, ఈసారి ప్రతి మాట మీదా వేలు పెట్టి చదివాడు.

'పిల్లలకు. మన బ్యాడ్జీ మీది బొమ్మ మనది కాదు. అడగకుండా వాడుకోవటం తప్పు. ఆ ఫోటో బయటపెట్టి అందరినీ చిక్కుల్లో పడేసింది నేను. లలితగారినీ, బ్యాడ్జీ చేసిన చిలకలపూడి యలమందగారినీ ఎవరూ ఏమీ అనవద్దు. వారికి ఇందులో ఏ సంబంధమూ లేదు. యలమందగారి పని మాత్రం మరచిపోకండి.'

కింద సంతకం, తేదీ.

యలమంద కాగితం అంచు మీద గోరు పెట్టాడు.

"తీయకండి" అన్నాడు అప్పారావు. "చిరిగేదాకా ఉంచమని నాతో ఒట్టు వేయించుకున్నారు."

"ఇందులో రాసింది నిజం కాదయ్యా. ఆయన తప్పేం లేదు. చేసింది నేను."

అప్పారావు అతని వంకా కాగితం వంకా చూశాడు. "ఆయన సంతకం ఉంది కదండీ" అని, ఊడ్చే పని మిగిలుందని వెళ్లిపోయాడు.

యలమంద గోరు తీసేశాడు. అన్నం మెతుకులతో అంటించిన ఆ కాగితం ఎక్కడా లేవకుండా తలుపును పట్టుకుని ఉంది, అతని పేరు రాసిన చోట సిరా కాస్త ఎక్కువ దిగి ఆ అక్షరాలు మిగతావాటికన్నా నల్లగా ఉన్నాయి.